నేను బట్టీ పట్టించిన చార్టు

మా అమ్మాయి కిండర్‌గార్టెన్‌లో ఉండగా స్కూల్ నుంచి కాగితం వచ్చింది. వచ్చే వారం నర్స్ పిల్లలందరికీ కళ్లు చెక్ చేస్తుందట. టెస్ట్ ఉందంటే తయారవకుండా వెళ్లడం మా ఇంటా వంటా లేదు. స్కూల్‌కి వెళ్లినప్పుడు నర్స్ గదిలో గోడకున్న చార్టు ఫోటో తీసుకొచ్చి, ఆఫీసులో ప్రింట్ తీసి, ఎడిసన్‌లోని మా అపార్ట్‌మెంట్ ఫ్రిజ్ మీద అంటించాను. పిల్లని వీధి తలుపు దగ్గర నిలబెట్టాను.

కుడి కన్నుతో కిందిదాకా గడగడా చదివింది. అది మూసి ఎడమ కన్నుతో చదవమంటే మూడో వరుస దగ్గర ఆగిపోయింది.

"ఐ డోంట్ నో అమ్మా."

"తెలీకపోవడమేంటే? ఇప్పుడేగా చదివావు! సరిగ్గా చూడు."

"కళ్లకి కూడా ప్రాక్టీసేంటి?" అన్నారు మా ఆయన.

"మీరూరుకోండి. రేపు అందరి ముందూ ఆగిపోతే?"

నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. తప్పు ఎక్కడుందో పట్టుకోవడమే నా పని. కళ్ల ముందున్న తప్పును పట్టుకోలేదు సరికదా, దాని మీద అక్షరాలు పరిచేశాను. దోసె తింటున్నా, కార్‌లో కూర్చున్నా అప్పచెప్పించాను. మూడు రోజుల్లో కిందివరుస దానికి కంఠతా వచ్చేసింది. పాసైంది. నా అంత గొప్ప తల్లి లేదనుకుని వాట్సాప్‌లో అందరికీ చెప్పుకున్నాను కూడా. సిగ్గులేని మనిషిని.

తర్వాత ఏటా అదే చార్టు. ఏటా పాసే.

నాలుగో క్లాసులో కొత్త నర్స్ వచ్చింది. చార్టు తీసేసి, కెమెరా లాంటి పరికరంతో కళ్లు చూసింది. ఆ పరికరం ముందు బట్టీ పనిచేయలేదు. వెంటనే డాక్టర్‌కి చూపించమని ఫోన్ చేసింది.

డాక్టర్ మెల్లగానే చెప్పాడు. ఎడమ కన్ను పంపే బొమ్మను మెదడు ఎప్పుడో పట్టించుకోవడం మానేసిందట. ఐదేళ్లప్పుడు తెలిసి ఉంటే, మంచి కన్నుకు ప్యాచ్ కట్టి చూపు చాలావరకు తెప్పించేవాళ్లట. ఇప్పుడూ ప్రయత్నిస్తారట గానీ, పెద్దగా ఆశ పెట్టుకోవద్దన్నాడు. స్కూల్లో ఏటా చూస్తారు కదా, ఎలా తప్పిపోయిందని అడిగాడు. ఆ గదిలోనే చచ్చిపోతే బాగుండనిపించింది.

డాక్టర్ మా అమ్మాయి కుడి కన్ను మూసి, తెర మీద నాలుగు అక్షరాలు పెట్టి చదవమన్నాడు. అది కాసేపు తెర వైపు చూసింది. తర్వాత వీపు నిటారుగా పెట్టి మొదలెట్టింది.

"డి, ఇ, ఎఫ్, పి, ఓ, టి, ఇ, సి."

ఎనిమిదీ చెప్పేసి నా వైపు తిరిగింది.

"కరెక్టేనా అమ్మా?"