టీవీ తీగలో వచ్చిన నౌకరీ

ఆ రోజుల్లో పాతబస్తీ దబీర్‌పురాలో మా ఇంటికి ఇంటర్నెట్ రావడమంటే కొత్త అల్లుడు రావడమే. ముందు గదిలో ఫ్యాను కింద కూర్చోబెట్టాం, దుమ్ము పడకుండా అంచు కుట్టిన గుడ్డ కప్పాం. (గుడ్డ కప్పింది మోడెముకు లెండి.) పక్కింటివాళ్లు వచ్చి చూసి "గింతేనా?" అని పెదవి విరిచి పోయారు. ఇప్పుడు ఫోనులో సిగ్నల్ ఒక్క గీత తగ్గితే విసుక్కునే నేను, ఒక డబ్బా మీద పచ్చ దీపం వెలిగిందని గంతులేసిన ఆ పిల్లను తలుచుకుంటే నవ్వొస్తుంది. ఆ పిల్లకు అప్పుడు ఇరవై రెండేళ్లు, చేతిలో డిగ్రీ, నెత్తిన బోలెడంత పొగరు.

మాది పాల వ్యాపారం. ఇంటి వెనక సందు దాటితే బర్రెల కొట్టం. ఒకప్పుడు అందులో ఎనిమిది బర్రెలు ఉండేవి, నా డిగ్రీ అయ్యేసరికి రెండు మిగిలాయి. మా బస్తీలో పాలంటే ఎవరి గిన్నె వాళ్లు తెచ్చుకుని, కళ్ల ముందు పిండించుకుని పట్టుకుపోవాల్సిందే. నీళ్లు కలపలేదని బాపు ఎంత ఒట్టేసినా ఎవరూ నమ్మరు. అలా గిన్నెలతో నిలబడినవాళ్లు ఊరికే ఉండక లొల్లి పెట్టుకుంటున్నారని బాపు కొట్టంలో ఒక పాత టీవీ పెట్టించి, ఇంట్లోని కేబుల్ కనెక్షన్ నుంచి ఒక తీగను ఖాలా డాబా మీదుగా అక్కడికి లాగించాడు. ఖాలా అంటే ఇంటికీ కొట్టానికీ మధ్య ఉండే పెద్దావిడ. ఒంటరి మనిషి, మా నాయనమ్మకు ప్రాణస్నేహితురాలు. కొన్నాళ్లకు జనం తగ్గారు గాని బర్రెలు టీవీకి అలవాటు పడ్డాయి. పాటలు వినబడకపోతే పెద్ద బర్రె పాలు చేపదని బాపు గట్టి నమ్మకం. పాలు పిండే వేళకు మా ఇంట్లో వంటకు ఆలస్యమైనా సరే, కొట్టంలో టీవీ మాత్రం మోగాల్సిందే.

నాకు దొరికిన ఉద్యోగం విచిత్రమైనది. ఎక్కడో దేశం అవతల డాక్టర్లు రోగుల గురించి గొణిగినదంతా చెవుల్లో పెట్టుకుని విని, టైపు చేసి పంపాలి. ఇంట్లోంచే చేయొచ్చు. కాకపోతే ముందు పది రోజులు పరీక్ష. పొద్దున వచ్చిన ఫైలును మధ్యాహ్నం ఒంటిగంట దాటాకే తీసుకుంటారు, రెండింటికల్లా అది తిరిగి వెళ్లిపోవాలి. మూడుసార్లు ఆలస్యమైతే ఇంటికే (అంటే నేను ఉన్నచోటికే). బాపు కూడా తన షరతు తాను పెట్టాడు. "పది దినాలు చూద్దాం బిడ్డా. కాకుంటే మీ మామ గాజుల దుకాణంల కూసో." చార్మినార్ దగ్గర మా మేనమామకు దుకాణం ఉంది. నాకు గాజులంటే ఇష్టమే. మామే పొద్దున షట్టరు ఎత్తిన దగ్గర నుంచి దించేదాకా మాట్లాడుతూనే ఉంటాడు. అక్కడ నెల రోజులు కూర్చుంటే నాకు చెవులు మిగలవు.

మోడెం ఉన్న ముందు గదిలో కూర్చుని మొదలుపెడదామా అంటే, అది వీధి గది. డాక్టరు ఎవరిదో గుండె చప్పుడు గురించి చెబుతుంటే బయట ఆటో హారన్ మోగేది. దానికితోడు బాపు దోస్తులు వచ్చి "ఏం పని బిడ్డా గిది, చెవుల ఏం పెట్టుకున్నవ్?" అని పలకరించేవారు. కొట్టంలో గడ్డి నింపే చిన్న గది ఖాళీగా ఉంది. దాన్ని కడిగి, సున్నం వేసి, బల్ల వేసి, ఇంట్లో ఉన్న ఒక్క కంప్యూటర్‌నూ అక్కడికి మోయించుకున్నాను. ఇక నెట్ అక్కడికి తేవడమే మిగిలింది. మొదట నీలం రంగు నెట్ వైరు కొని గోడ వారగా వేశాను. అది పచ్చిగడ్డి కాదని మా చిన్న బర్రెకు మూడడుగులు నమిలాక గాని తెలియలేదు. అప్పుడు కంప్యూటర్ నేర్పిన మా సార్ చెప్పాడు, ఉన్న టీవీ తీగలోనే నెట్ కూడా పంపొచ్చని, ఈ చివర ఒకటి ఆ చివర ఒకటి డబ్బాలు పెడితే చాలని. కోఠిలో వెతికి పాతవి రెండు పట్టుకొచ్చాను. ఒకటి ఇంట్లో మోడెం పక్కన, ఇంకొకటి కొట్టంలో. రెండూ ఒకదాన్నొకటి గుర్తుపడితే పచ్చ దీపం వెలుగుతుందట. వెలిగింది! నాయనమ్మ పరుగున వచ్చి ఆ డబ్బాకు ఉప్పుతో దిష్టి తీసింది. నాకు తీయలేదు.

పరీక్ష మొదటి రోజు మధ్యాహ్నం ఒంటిగంటకు దీపం ఆరిపోయింది. మళ్లీ వెలిగేసరికి రెండుం పావు. రెండో రోజూ అంతే, గడియారం పెట్టుకున్నట్టు సరిగ్గా ఒంటిగంటకే. ఆఫీసు మేడం ఫోను చేసి, ఇంకొక్కసారి ఇలా అయితే ఫైలు పంపే శ్రమ పడొద్దని చాలా మర్యాదగా చెప్పింది. నేను అన్నం మానేసి కూర్చుంటే నాయనమ్మ తల నిమిరింది. "ఎండలకే బిడ్డా. ఎండలకు తీగ సాగుతది." బాపు తలూపాడు. "ఔ, మస్తు ఎండలున్నయ్." అమ్మ కూడా "ఎండలకే" అంది. అక్కడే నాకు అనుమానం రావాల్సింది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆ ముగ్గురూ ఒక్క మాట మీద నిలబడడం అదే మొదటిసారి.

మూడో రోజు పొద్దున్నే ఫైలు టైపు చేసి పక్కన పెట్టి, మా బస్తీ కేబుల్ చూసే నిచ్చెన భాయ్‌ని పిలిపించాను. (అసలు పేరు ఎవరికీ తెలియదు. భుజాన నిచ్చెన లేకుండా ఆయన్ని చూసినవాళ్లూ లేరు.) తీగ మొత్తం వెతుకుదామనేసరికి ఇంట్లో అందరికీ నా ఆరోగ్యం మీద ప్రేమ పుట్టుకొచ్చింది. "గీ ఎండల డాబా ఎక్కుతవా? నల్లగైతవ్, దిగు" అని నాయనమ్మ. "భాయ్, చాయ్ తాగి పో, తీగ మంచిగనే ఉంది" అని బాపు. మేం ఎక్కాం. ఖాలా పిట్టగోడ దగ్గరే మొదటి అతుకు దొరికింది. మా తీగ పైతోలు గీకి, ఇంకో తీగను చేత్తో మెలిపెట్టి, పైన గుడ్డ పీలిక చుట్టారు. ఆ రెండో తీగ నేరుగా ఖాలా కిటికీలోకి పోయింది. పీలిక ఆకుపచ్చది, జరీ అంచుది. చిన్నప్పుడు నాకు ఊయల కట్టిన నాయనమ్మ చీర నేను గుర్తుపట్టనా!

పది అడుగులు పోయాక రెండో అతుకు. దానికి సైకిల్ ట్యూబు ముక్క చుట్టి మూడు ముళ్లు వేసి ఉంది. పాల క్యాన్లకు అలా మూడు ముళ్లు వేసే మనిషి మా బస్తీలో ఒక్కడే. ఆ తీగ బాపు దోస్తు కటింగ్ షాపులోకి దిగింది. మూడో అతుకుకు దెబ్బలకు వేసే అంటుపట్టీ వేసి ఉంది. విరిగిన కళ్లద్దాలకూ కారే నల్లాకూ నా మోకాలికీ అమ్మ వేసే వైద్యం అదే. ఆ తీగ అమ్మ స్నేహితురాలైన కుట్టుమిషన్ అక్క ఇంట్లోకి పోయింది. నిచ్చెన భాయ్ నిచ్చెన మీదే కూలబడ్డాడు. "యా అల్లా! నా ఆఫీసుల కన్నా మీ ఇంట్లనే ఎక్కువ కనెక్షన్లున్నయ్ గదా బేటీ! అన్నం తినే టైముకు మూడు టీవీలు ఒక్కసారి పెడితే నీ నెట్ ఏడికెల్లి నడుస్తది?"

కింద వాకిట్లో పంచాయితీ మొదలైంది. ముందు బాపు నాయనమ్మ మీద లేచాడు. "గింత దొంగతనమా అమ్మా!" నిచ్చెన భాయ్ పై నుంచి సైకిల్ ట్యూబు ముక్క చూపించాడు. బాపు ఆకాశంలోకి చూస్తూ ఉండిపోయాడు. అది చూసి అమ్మ పడీపడీ నవ్వింది, అంటుపట్టీ బయటపడేదాకా. ఒకరి అతుకు సంగతి ఇంకొకరికి తెలియదు. ఎవరికి వాళ్లు తాము ఒక్కరమే, ఒక్కటే కదా అనుకున్నారు. నాయనమ్మ మాత్రం తగ్గకుండా ఖాలా కిటికీ వైపు చెయ్యి చూపింది. "ఔ, నేనే ఇప్పిచ్చిన. అది ఒక్కతే ఉంటది. పొద్దుగాల సంది గోడలతోని మాట్లాడుకుంటదా? దినాం ఒంటిగంటకు పోయి ఇద్దరం సీరియల్ చూస్తం. తప్పా?"

"మూడూ కోసెయ్యాలె, ఇంకో మాట లేదు" అని నిచ్చెన భాయ్ కటింగ్ ప్లేయర్ నా చేతిలో పెట్టాడు. పన్నెండున్నర అయింది. ఈ గొడవకు కటింగ్ షాపాయన, ఆయన వెనక సగం గడ్డం గీయించుకున్న ఒక మనిషి, కుట్టుమిషన్ అక్క, అందరూ వచ్చి నిలబడ్డారు. ఖాలా తన టీవీ పిన్ను పీకి చేత్తో పట్టుకుని డాబా మీదికొచ్చింది. "కాట్ దే బేటీ, కోసెయ్. నౌకరీ పెద్దది. సీరియల్ల ఏముంది, గా అత్త గా కోడల్ని రేపు భీ తిడతది." నేను ఆమె వెనక, డాబాను ఆనుకుని ఉన్న ఆమె గదిలోకి చూశాను. టీవీ ముందు చాప, చాప మీద పక్కపక్కనే రెండు దిండ్లు. నాకు ఉద్యోగం కావాలి. మామ గొంతు అప్పుడే చెవుల్లో మోగుతోంది. ప్లేయర్ తీగకు పెట్టాను కూడా. నొక్కలేకపోయాను. అంతమంది ముందు సిగ్గు లేకుండా ఏడ్చాను.

నిచ్చెన భాయ్ తల కొట్టుకుని నా చేతిలోంచి ప్లేయర్ లాక్కున్నాడు. తర్వాత సంచిలోంచి, ఒక తీగను నలుగురికి సరిగ్గా పంచే చిన్న ఇనప డబ్బా తీశాడు. "సూడుర్రి, నేనేం చూడలే, మీరేం చెప్పలే" అని పనిలోకి దిగాడు. అతుకులన్నీ కోసి, ప్రతి చివరా పిన్ను బిగించి, గట్టిగా కట్టాడు. అయ్యేసరికి ఒంటిగంటా నలభై. దీపం వెలిగింది. "ఇగ అందరూ టీవీలు పెట్టుర్రి!" అని కేక వేశాడు. ఖాలా పెట్టింది. షాపులో మోగింది. మిషన్ అక్క ఇంట్లోంచి పాట వినిపించింది. దీపం ఆరలేదు! బస్తీ సగం గడ్డి గదిలో నా వెనక ఊపిరి బిగబట్టి నిలబడితే రెండింటికి ఆరు నిమిషాలుండగా ఫైలు వెళ్లింది. అప్పుడే మేడం ఫోను చేసింది. కొట్టంలో అంతమంది జనాన్ని చూసి బెదిరిన పెద్ద బర్రె గట్టిగా అరిచింది. ఆ చప్పుడేమిటని ఆమె అడిగితే "జనరేటర్, మేడం" అన్నాను. పది రోజులూ గడిచాయి. ఉద్యోగం వచ్చింది. ఆ రోజు పాలకు వచ్చినవాళ్లందరికీ బాపు ఒక గరిటె ఎక్కువ పోశాడు.

ఏళ్ల తర్వాత గాజు తీగల నెట్ (ఫైబర్) వచ్చింది. పాత తీగలు పీకడానికి వచ్చిన మనుషులు డాబా మీద నుంచి బాపును పిలిచారు. ఇనప డబ్బాకు అవతల ఇంకో అతుకు ఉంది, గులాబీ రంగు జడ రిబ్బను చుట్టి. బాపు ఆ రిబ్బను చూశాడు, నన్ను చూశాడు. ఖాలా దగ్గరికి చదువుకోవడానికి వచ్చిన మనవరాలు కాలేజీ సీటుకు దరఖాస్తు పెట్టాలంటే నెట్ లేదని నాయనమ్మ ఒకసారి అంది, అంతే. మొదటి జీతంతో ఖాలా ఇంట్లో పెట్టడానికి మూడో పచ్చ దీపం డబ్బా కొన్న సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. నేను కూడా ఆకాశంలోకి చూశాను. నాయనమ్మ అప్పటికి లేదు. ఉంటే ఆ రోజు ఎంత నవ్వేదో.

ఇప్పుడు మా ఇంట్లో తీగలే లేవు, అంతా గాలిలోనే. ఎదురింటి కోడలు, వాళ్లింట్లో నెట్ లేకున్నా, ఫోనులో పాఠాలు చూస్తూ బ్యాంకు పరీక్షలకు చదువుకుంటోంది. మొన్న మా ఆయన కంప్యూటర్ ముందు విసుక్కుంటూ, నాలుగు రోజులుగా నెట్ ఇంత నెమ్మదిగా ఉందేమిటి అన్నాడు. "ఎండలకు" అన్నాను. ఆయన ఒకసారి కిటికీ వైపు చూశాడు. బయట జోరుగా వాన కురుస్తోంది.