ఎస్తేరు టీచరు గారి టైంటేబులు

మొన్న ఒక కాలేజీలో మాట్లాడడానికి పిలిస్తే వెళ్ళాను. నేను మొదలుపెట్టే ముందు అటెండరు తడిగుడ్డ తెచ్చి నల్లబల్లను పైనుంచి కిందికి తుడిచాడు. తడిసిన సుద్ద వాసన గుప్పుమంది. ఎదురుగా యాభై మంది కూర్చుని ఉన్నారు. నాకు మాత్రం కాసేపు ఎవరూ కనిపించలేదు. తిరువూరు హైస్కూలు స్టాఫ్ రూములో, చీర కొంగు నడుముకు దోపుకుని, బల్లను స్వయంగా కడుగుతున్న ఎస్తేరు టీచరు గారే కనిపించారు. పొడిగుడ్డతో తుడిస్తే పాత గీతలు మిగిలిపోతాయని, వాటిని చూసి మనిషి పాత ఆలోచనలోనే పడతాడని ఆవిడ అంటుండేవారు.

డెబ్బయ్యో దశకం మధ్యలో నేను ఆ స్కూల్లో లెక్కల టీచరుగా చేరాను. మాది నెమలి. ఇంట్లో వ్యవసాయం. డిగ్రీ అయిన ఆడపిల్లకు ఉద్యోగమెందుకన్న మాట తేలకముందే ఖాళీ ఉందని తెలిసి వచ్చేశాను. ఎస్తేరు గారు అప్పటికే ఇరవై ఏళ్ళుగా అక్కడ లెక్కలు చెబుతున్నారు. బక్కపలచని మనిషి, మందపాటి కళ్ళజోడు. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకునే గొంతు ఆవిడదే. ఎంత మంచివారో అంత కోపిష్ఠి కూడా. లెక్కలో ఎవరైనా ‘దాదాపు’ అన్నారంటే మండిపడేవారు.

చేరిన వారానికే ఆవిడ నన్ను నల్లబల్ల ముందు కూర్చోబెట్టారు. ఏటా జూన్‌లో స్కూలు టైంటేబులు వేసే పని ఆవిడది. ఒక టీచరు ఒకే పీరియడులో రెండు క్లాసుల్లో ఉండకూడదు, ఒక క్లాసులో ఇద్దరు టీచర్లు ఉండకూడదు. ఇంతవరకే అయితే ఇబ్బంది లేదు. కానీ సైన్సు మాస్టారు గంపలగూడెం నుంచి బస్సులో వచ్చేసరికి రెండో పీరియడు దాటిపోతుంది. హిందీ పండితులు గారు మధ్యాహ్నం వేరే స్కూలుకు వెళ్ళాలి. ఇలా ఒక్కొక్కరికీ కుదరని గంటలు చేరేసరికి చిక్కుముడి పడుతుంది.

“అన్ని అమరికలూ వేసి చూస్తే ఎప్పటికో అప్పటికి తేలుతుంది. అదేం గొప్ప కాదు,” అన్నారు ఆవిడ. “మన స్కూల్లో పదిహేను మందిమి. వంద మంది ఉంటే? వెయ్యి మంది ఉంటే? అన్నీ వేసి చూడాలంటే మనవలకు మనవలు పుట్టినా పూర్తికాదు. వేసి చూడకుండా, కుదురుతుందో కుదరదో తేల్చే దారి ఉందా? నాకు కావలసింది అదీ.”

కంప్యూటరు అనేదాన్ని ఆవిడ గాని నేను గాని కంటితో చూసింది లేదు. కానీ ఆవిడ అడుగుతున్నది ఆ శాస్త్రంలో అప్పుడే పుడుతున్న పెద్ద ప్రశ్న అని ఆవిడకు తెలుసు. బెజవాడలో ఒక కాలేజీ గదిలో నెలకొకసారి, రెండో శనివారం, పదిమంది దాకా కలిసేవారు. ఎక్కువమంది కాలేజీ లెక్చరర్లు. ఎవరికైనా బయటినుంచి ఒక పరిశోధన పత్రం దొరికితే చేత్తో నకలు రాసి పోస్టులో ఒకరి నుంచి ఒకరికి పంపుకునేవారు. చదివినవాళ్ళు అంచుల్లో తమ అనుమానాలు రాసేవారు. తిరువూరుకు చేరేసరికి కాగితం నలుచుట్టూ పెన్సిలు రాతలే. ఆ పదిమందిలో హైస్కూలు టీచరు ఆవిడొక్కరే, ఆడమనిషీ ఆవిడొక్కరే. నేను వెళ్ళడం మొదలుపెట్టాక ఇద్దరమయ్యాం.

రెండేళ్ళు కష్టపడి ఆవిడ ఒక పద్ధతి కనిపెట్టారు. ఒక టీచరును ఒక పీరియడులో పెట్టాలి. దానివల్ల ఇంకెవరు ఎక్కడికి జరగక తప్పదో చివరిదాకా చూడాలి. ఎక్కడా అడ్డు తగలకపోతే అలాగే ఉంచి ముందుకు పోవాలి. తగిలితే ఆ టీచరుకు ఇంకో పీరియడు చూడాలి. “ఒకసారి సరిగ్గా కూర్చోబెట్టినవాళ్ళను మళ్ళీ లేపక్కర్లేదమ్మా. ప్రాణమంతా అక్కడే ఉంది,” అనేవారు. ఋజువు ఇరవై పేజీలు వచ్చింది. బొంబాయిలో పనిచేసే ఒక తెలుగు ప్రొఫెసరుకు ఆ సంగతి ఉత్తరంలో రాస్తే, వచ్చే నెల సమావేశానికి తానే వస్తానని, ఋజువు నిలబడితే ఏడాదిపాటు తమ దగ్గర పనిచేసే ఏర్పాటు చేస్తానని జవాబిచ్చారు. ఎస్తేరు గారు ఆ ఉత్తరం నాకు రెండుసార్లు చదివి వినిపించారు. సెలవుకు దరఖాస్తు కూడా రాసి పెట్టుకున్నారు.

శుభ్రంగా నకలు రాసే పని నాకప్పగించారు. పదకొండో పేజీ దగ్గర నా కలం ఆగింది. అక్కడ ఒక వాక్యం నాకు ఎంతకీ మింగుడుపడలేదు. ఆదివారమంతా కూర్చుని నలుగురు టీచర్లతో ఒక చిన్న ఉదాహరణ కట్టాను. ఆవిడ పద్ధతి ప్రకారం దానికి టైంటేబులు లేదు. కానీ నేను చేత్తో వేస్తే కుదిరింది. మొదట కూర్చోబెట్టిన మనిషిని లేపితేనే కుదిరింది.

సోమవారం చెప్పలేకపోయాను. మంగళవారం ఆవిడ ఎదురొచ్చి, “నకలు ఎందాకా వచ్చిందమ్మా?” అంటే, “వస్తోందండి,” అన్నాను. నాదే పొరపాటేమోనని పదిసార్లు సరిచూసుకున్నాను. నిజం చెప్పాలంటే, నాదే పొరపాటు కావాలని కోరుకున్నాను. గురువారం స్కూలు వదిలాక కాగితం తీసుకెళ్ళి ఆవిడ ముందు పెట్టాను.

ఆవిడ ఒకసారి చూశారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు. బయట అటెండరు గదులకు తాళాలు వేస్తున్న చప్పుడు దగ్గరవుతోంది.

“నీకెప్పుడు తెలిసింది?”

“ఆదివారం అండి.”

“అంటే నాలుగు రోజులు నన్ను తప్పులోనే ఉండనిచ్చావు.”

“మీరు బాధపడతారని, టీచరు గారూ...”

“బాధ నాది. దాన్ని మోయడానికి నువ్వెవరు?” అన్నారు గట్టిగా. తరవాత గొంతు తగ్గించి, “కూర్చో. ఇందులో ఏం మిగిలిందో చూద్దాం,” అన్నారు.

శనివారం తెల్లవారగానే బస్సెక్కాం. ఆరోగ్యం బాగాలేదని కబురు పంపి మానేస్తారని నేననుకున్నాను. ఆ మాట ఎత్తనైనా ఎత్తలేదు. బెజవాడలో గది నిండిపోయి ఉంది. బొంబాయి ప్రొఫెసరు ముందు వరసలో కూర్చున్నారు. ఎస్తేరు గారు లేచి, బల్ల కడిగి, తన పద్ధతి గురించి ఒక్క వాక్యం కూడా చెప్పకుండా నా నలుగురు టీచర్ల ఉదాహరణ గీశారు.

“నా ఋజువు పదకొండో పేజీలో విరిగిపోయింది. విరిచింది ఈ ఉదాహరణ. దీన్ని కట్టింది నేను కాదు, అదిగో, మా శారద,” అని నావైపు చెయ్యి చూపించారు.

వెనకనుంచి ఒక లెక్చరరు, “పాపం, టీచరు గారు ఇంత దూరం బస్సులో వచ్చారు,” అన్నాడు. ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఆవిడ అటు తిరిగి, “వచ్చానండి. తప్పు చెప్పడానికి కూడా రావాలి కదా,” అని మళ్ళీ బల్లవైపు తిరిగారు. ఆ తరవాత గంటసేపు మిగిలినదాన్ని చెప్పారు. ప్రతి టీచరుకూ రెండేసి పీరియడ్లే ఖాళీ ఉంటే ఆవిడ పద్ధతి ఎప్పుడూ పొరపడదు. దానికి ఋజువు గట్టిగా నిలబడింది. ప్రొఫెసరు గారు ప్రశ్న మీద ప్రశ్న వేశారు. చివరికి లేచి నిలబడి నమస్కారం చేశారు. బొంబాయి ఊసు మాత్రం ఎత్తలేదు.

తిరుగు బస్సు మైలవరం దాటింది. ఆ తరవాత, “శారదా, నాకు ఏడవాలని ఉంది. కాసేపు ఇటు చూడకు,” అన్నారు. నేను కిటికీలోంచి మామిడితోటలు చూస్తూ కూర్చున్నాను. ఎ.కొండూరు దగ్గర బస్సు ఆగినప్పుడు ముఖం తుడుచుకుని జామకాయలు కొన్నారు. పెద్దది నా చేతిలో పెట్టారు.

కొన్ని నెలలకు ప్రొఫెసరు గారి నుంచి ఒక పత్రం నకలు వచ్చింది. విదేశాల్లో కొందరు అదే టైంటేబులు సమస్య పట్టుకుని, అది ఎవరికీ సులువైన దారి దొరకని మొండి సమస్యల కుటుంబానికి చెందినదని చూపించారు. వాటిలో ఒకదానికి దారి దొరికితే అన్నిటికీ దొరికినట్టే. రెండేసి పీరియడ్ల సంగతి కూడా అందులో ఉంది. మా కంటే ముందే అచ్చయింది. చదువుతుంటే నా ప్రాణం ఉసూరుమంది. ఆవిడ మాత్రం చిన్నపిల్లలా, “చూశావా! మనకు దారి దొరకలేదంటే ఎవరికీ దొరకని చోటికే వెళ్ళామన్నమాట!” అన్నారు. ఆ పత్రం నాకు అర్థమయ్యేదాకా రెండు నెలలు స్టాఫ్ రూములో పాఠం చెప్పారు. ఏడాది తిరగకముందే మా నాన్నతో మాట్లాడడానికి నెమలి వచ్చారు. “మీ అమ్మాయి నా తప్పు పట్టిందండి. ఇక్కడ ఉంటే ఇంక నావే పట్టాలి. పెద్ద చదువుకు పంపండి,” అన్నారు. మా నాన్న నవ్వి ఒప్పుకున్నాడు.

పరిశోధన పూర్తిచేసి సిద్ధాంత గ్రంథం పట్టుకుని తిరువూరు వెళ్ళేసరికి ఆవిడ రిటైరయ్యారు. చూపు బాగా తగ్గింది. ముందు పేజీలో ఆవిడ పేరు రాశానని చెప్పి విప్పబోయాను. ఆవిడ దాన్ని చూడనే లేదు. పుస్తకం బరువు చేత్తో అంచనా వేస్తూ అడిగారు: “ఇందులో నీకు భయం వేసే చోటు ఏది?”

అలాంటి చోటు ఒకటుంది. మా గైడుకు చెప్పలేదు. నాకు నేనే సరిగా చెప్పుకోలేదు. నలభై రెండో పేజీ తీశాను. నేను చదువుతుంటే ఆవిడ కళ్ళు మూసుకుని వింటూ, అడుగడుగునా ఆపారు. సాయంత్రం దాకా ఆ ఒక్క పేజీ మీదే కూర్చున్నాం. అది నిలబడింది. నిలబడిందని తేలాక గాని నాకు కాఫీ ఇవ్వలేదు.

ఎస్తేరు గారు పోయి చాలా ఏళ్ళయింది. ఆవిడ పేరుతో అచ్చయిన పత్రం ఒక్కటీ లేదు. నా దగ్గరికి పరిశోధనకు వచ్చే పిల్లలు గర్వంగా ఋజువు తెచ్చి బల్ల మీద పెట్టినప్పుడు, మొదటి పేజీ తిప్పకముందే ఆవిడ నన్నడిగిన ఆ ప్రశ్నే అడుగుతాను. కొందరు చిన్నబుచ్చుకుంటారు. కొందరు చాలాసేపు నేల చూపులు చూస్తారు. తరవాత మెల్లగా ఒక పేజీ తీస్తారు. కుర్చీ దగ్గరికి లాక్కుని, అక్కడినుంచే చదవడం మొదలుపెడతాం.