ఐదుగురు నిలబడితే చాలు

నేను బాస్కెట్‌బాల్ జట్టులో చేరింది ఆట మీద ప్రేమతో కాదు. హాజరు తక్కువైంది. ఆటగాళ్లకు హాజరులో కొంత మినహాయింపు ఉంటుందని ఎవరో చెప్పారు. హనుమకొండ నుంచి హసన్‌పర్తి పోయే దారిలో, రోడ్డుకు కొంచెం లోపలికి ఉండే ప్రైవేటు డిగ్రీ కాలేజీ మాది. ఫిజికల్ డైరెక్టర్ మేడం గదికి పోయి, జట్టులో చేరతానని చెప్పాను. ఆమె నన్ను కింది నుంచి పైదాకా చూసింది. ఆ చూపుకు ఎక్కువ సమయం పట్టలేదు. నా ఎత్తు ఐదడుగుల ఒక అంగుళం, అదీ బూట్లతో కలిపి.

"ఎప్పుడన్న ఆడినవా?"

"లేదు మేడం."

"ఉరుకుడన్న వస్తదా?"

"బస్సెనక ఉరికిన అలవాటుంది."

"నలభై నిమిషాలు నిలబడ్తవా?"

"నిలబడ్త."

"చాలు తియ్. మనకు నలుగురే ఉన్నరు. ఐదుగురు నిలబడితేనే మ్యాచ్ మొదలైతది."

ఎంపిక పోటీ అంటే ఇదే. పోటీలో నేనొక్కదాన్నే కాబట్టి మొదటి స్థానం నాదే.

కోర్టు సంగతి కూడా చెప్పాలి. సిమెంటు నేల, దాని పగుళ్లలో గడ్డి, రెండు రింగులు. ఒక రింగుకు వల లేదు, రెండో రింగుకు వల ఉండేదని సీనియర్లు చెప్పుకునేవారు. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం దాకా కాలేజీ బస్సులు అక్కడే ఆగేవి. నాలుగున్నరకు అవి పిల్లలను ఎక్కించుకొని ఊళ్లకు పోతే కోర్టు మాది. ముందు డీజిల్ మరకల మీద ఇసుక చల్లి, తర్వాత బంతి పట్టుకునేవాళ్లం. కొన్ని రోజులు ఇసుక చల్లడంతోనే ప్రాక్టీసు ముగిసేది.

ఆ యేడు కాలేజీల మధ్య జరిగే టోర్నమెంటుకు పోయి మొదటి మ్యాచ్‌లోనే ఇంటికొచ్చాం. మేం చేసింది మొత్తం నాలుగు పాయింట్లు. అందులో రెండు అవతలి జట్టు పిల్ల గందరగోళంలో మా కోసం వేసిపెట్టింది. ఆమెకు థాంక్స్ చెప్పాను. ఆమె మాత్రం ఏడ్చింది.

ఆ తర్వాతి వారమే మా కాలేజీ యజమాని మేడంను పిలిపించాడు. ఆయనను అందరూ కరస్పాండెంట్ సార్ అంటారు. హాజరు కాగితం మీద మేడం సంతకం కోసం తిరుగుతున్న నేను, ఆమె వెనకే ఆ గదిలోకి పోయాను.

"ఏమనుకోకుండ్రి మేడం," అన్నాడాయన. "బస్సులు ఎండకు రంగు పోతానయ్. ఆ గ్రౌండ్ల షెడ్డు ఏద్దామనుకుంటాన."

"అది కోర్టు సార్."

"ఏదైతేంది. ఒక్క మ్యాచన్న గెల్చిండ్రా మీరు, ఇన్నేండ్లల్ల?"

"ఒక్కటి గెలిస్తే షెడ్డు ఆపుతరా?"

"గెలువుండ్రి చూద్దాం. ఎప్పటిదాక ఆగాలె?"

మేడం నా నెత్తి మీద చేయి పెట్టింది. "ఈ పిల్ల డిగ్రీ అయిపొయ్యేదాక."

ఏ పిల్లనో చూద్దామని నేను కూడా పక్కకు తిరిగాను. సార్ నన్ను చూశాడు, నా ఎత్తు చూశాడు. "ఈ పిల్లతోని గెలుస్తరా?"

"ఈ పిల్లతోనే."

సినిమాలో అయితే ఇక్కడ సంగీతం వస్తుంది. మాకు బయట బస్సు రివర్సు చేస్తున్న కూత వచ్చింది. సార్ వెంటనే ఒప్పుకున్నాడు. మేం ఎప్పటికీ గెలవమని ఆయనకు గట్టి నమ్మకం. మా జట్టు మీద అంత నమ్మకం పెట్టుకున్న మొదటి మనిషి ఆయనే. నాకు మాత్రం ఆ రోజు మొదటిసారి ఒళ్లు మండింది. బస్సుకు ఎండ తగులుతుందని ఆయన బాధ. అదే సిమెంటు మీద మేం కాలినా ఇన్నేళ్లలో ఎవరూ గొడుగు కూడా పట్టలేదు.

ఇంకా రెండు టోర్నమెంట్లు మిగిలాయి.

ఎండాకాలం రాగానే మా దగ్గర లెక్చరర్లు పాఠాలు ఆపి ఊళ్ల మీద పడతారు. ఒక్కొక్కరు ఇంతమందిని కాలేజీలో చేర్పించాలని పైనుంచి హుకుం ఉంటుంది. ఇంటర్ పాసైన పిల్లల ఇళ్లకు పోయి, కరపత్రం ఇచ్చి, చాయ్ తాగి రావాలి. మేడం పరకాల వైపు ఊళ్లు అడిగి తీసుకుంది. తోడుకు నన్ను తీసుకుపోయింది. "నీకు బాల్ రాకున్నా నోరొస్తది" అని కారణం చెప్పింది.

మిగతా లెక్చరర్లు గుమ్మంలో నిలబడి మార్కులు అడిగేవారు. మేడం పిల్ల తల గుమ్మం పై చెక్కకు ఎంత దగ్గరుందో చూసేది. చాలా ఇళ్లలో చాయ్ తాగి ఊరికే వచ్చేశాం. ఆ ఊళ్లలో మొదటి ర్యాంకు పిల్లలను వదిలేసి పోయే కాలేజీ వాళ్లం మేమే అయ్యుంటాం.

నాలుగో రోజు ఒక ఇంట్లో ఆ పిల్ల దొరికింది. తల వంచుకొని బయటకు వచ్చింది, సిగ్గుతో కాదు, గుమ్మం తగలకుండా. స్కూల్లో కబడ్డీ ఆడేదట. వాళ్లకు మూడెకరాల పత్తి చేను. తల్లీ కూతురే చూసుకుంటారు. తల్లి మా కరపత్రం తీసుకొని ఎగిరి బంతి వేస్తున్న అమ్మాయిల ఫోటోను చాలాసేపు చూసింది. అది ఏ దేశపు ఫోటోనో కాలేజీలో ఎవరికీ తెలియదు.

"ఇండ్ల నువ్వేడున్నవ్ బిడ్డా?"

"నేను ఫోటో తీస్తాన పెద్దమ్మా."

ఆమె నవ్వలేదు. "ఈ బుట్టల బాల్ ఏస్తే ఏమొస్తది?"

మేడం గొంతు సవరించుకుంది. సర్టిఫికెట్లు, కోటాలు, ఉద్యోగాలు అని మొదలుపెట్టబోయింది. నా నోరు ఆగలేదు. "ఏం రాదు పెద్దమ్మా. మోకాళ్లు కొట్టుకపోతయ్. నాకైతే ఇప్పటిదాక ఏం రాలె."

మేడం చూసిన చూపుకు నేను మళ్లీ ఆ ఊరి బస్సు ఎక్కనని అనుకున్నాను. పెద్దమ్మ కరపత్రం మడిచి కొంగులో పెట్టుకుంది. "వారం సంది నాలుగు కాలేజీలోళ్లొచ్చిండ్రు అక్కా. అందరు అదొస్తది ఇదొస్తది అన్నోళ్లే. ఈ పొట్టిపిల్ల ఒక్కతే నిజం చెప్పింది. పంపిస్త. కని పత్తి ఏరే దినాలల్ల నా బిడ్డ నాకు కావాలె."

ఆ ఎండాకాలం మేడం ఇలాంటి వాళ్లనే ఇంకో ముగ్గురిని పట్టుకొచ్చింది. అందరూ కబడ్డీ పిల్లలే. సీనియర్లలో ఇద్దరు డిగ్రీ అయిపోయి పోయారు, ఇద్దరు మెల్లగా మాయమయ్యారు. జట్టులో అనుభవమున్నది నేనొక్కదాన్నే అయ్యాను. జట్టు పరిస్థితి చెప్పడానికి ఈ ఒక్క ముక్క చాలు.

రెండో టోర్నమెంటు నాకు ఇప్పటికీ కళ్ల ముందుంది. ఆ యేడు వానలు ఆలస్యమై పత్తి వెనకబడింది కాబట్టి పొడుగు పిల్ల కూడా వచ్చింది. విజిల్ ఊదగానే అవతలి అమ్మాయి బంతితో మా వైపు వచ్చింది. మా వాళ్లు చేయవలసింది దారి అడ్డుకోవడం. కానీ వాళ్లకు పదేళ్ల నుంచి తెలిసింది ఒకటే, మన గడ్డ మీదికి వచ్చిన మనిషిని తిరిగి పోనియ్యకూడదు. ఒకతి నడుం పట్టింది, ఒకతి భుజం పట్టింది, పొడుగు పిల్ల కిందికి దూకి చీలమండ దొరకబుచ్చుకుంది. రెఫరీ విజిల్ నోట్లో పెట్టుకొని ఊదడం మరిచిపోయాడు.

ఐదు ఫౌళ్లయితే మనిషి బయటికి. మొదట బయటికి పోయింది పొడుగు పిల్లే. బెంచీ మీద అంచున కూర్చొని, ఎప్పుడెప్పుడా అన్నట్టు కోర్టులోకి చూస్తోంది. మేం ఒక బుట్ట వేయగానే లేచి ఉరికొచ్చింది.

"ఏందే, ఎటు?" అన్నాను.

"మనోళ్లు పాయింట్ కొట్టిండ్రు గదక్కా. నేను లేసినట్టే గదా?"

కబడ్డీలో అవుటైన వాళ్లు మనవాళ్లు పాయింటు తెస్తే మళ్లీ లోపలికి వస్తారు. ఇక్కడ పోతే పోయినట్టే. ఆ సంగతి ఎవరూ ఆమెకు చెప్పలేదు. నేను చెప్పేసరికి ఆమె ముఖం చూడలేకపోయాను. అప్పటికి ఇంకొకరు కూడా పోయారు. మ్యాచ్ ముగియకముందే కోర్టులో నేనొక్కదాన్ని మిగిలాను. ఒక్కరితో ఆట సాగదట, ఆపేశారు. నేను మాత్రం నిలబడే ఉన్నాను. మొదటి రోజు ఒప్పుకున్నది అదే కదా.

"కబడ్డీ కబడ్డీ" అంటూ అవతలి జట్టు వాళ్లు మమ్మల్ని బస్సు దాకా సాగనంపారు.

మరునాడు సాయంత్రం మేడం అందరినీ చున్నీలు తెమ్మంది. చేతులు వెనక్కి పెట్టించి, మా చున్నీ రెండు కొసలు మా చేతులకే ఇచ్చింది. కొస వదిలితే కోర్టు చుట్టూ పది సార్లు ఉరకాలి. బంతి వచ్చినా, మనిషి వచ్చినా కాళ్లతోనే అడ్డుకోవాలి, చేతులు రాకూడదు. ఒక వారం అనుకున్నాం. ఎండాకాలం దాకా సాగింది. బస్సు డ్రైవర్లు మమ్మల్ని చూసి, "ఏమైందమ్మా, ఏం తప్పు చేసిండ్రు?" అని జాలిపడేవారు. పొడుగు పిల్ల కోర్టు చుట్టూ ఎన్నిసార్లు ఉరికిందో చెప్పలేను. గడ్డి అంచున ఆమె ఉరికిన దారి ఒకటి పడింది.

ఈలోగా ఒక రోజు లారీలో ఇనుప గొట్టాలు వచ్చి కోర్టు పక్కన దిగాయి. షెడ్డుకోసం. సార్ తొందరపడే మనిషి కాదు, ముందుచూపున్న మనిషి.

మూడో యేడు ఇంకో కబడ్డీ పిల్ల చేరింది, ఆరుగురమయ్యాం. చివరి టోర్నమెంటు తేదీ సరిగ్గా పత్తి పగిలిన వారంలో పడింది. పొడుగు పిల్ల ఊరికి పోయింది, ఫోను ఎత్తదు. సోమవారం మ్యాచ్. శనివారం పొద్దున మేడం, నేను, మిగతా నలుగురు పరకాల బస్సెక్కాం. చేనంతా తెల్లగా ఉంది. తల్లీ కూతురూ నడుముకు ఒడి కట్టుకొని ఏరుతున్నారు.

"వానొచ్చేటట్టుంది బిడ్డా," అంది పెద్దమ్మ మమ్మల్ని చూడగానే, మేం అడగకముందే. "తడిస్తే పత్తి నల్లగైతది. పిల్లను పంపియ్య."

మేడం బతిమాలలేదు. "అక్కా, మీ ఊళ్లె బదులు పోతరు గదా?"

వాళ్ల దగ్గర ఒకరి చేనుకు ఇంకొకరు పనికి పోతే, మళ్లీ వీళ్ల చేనుకు వాళ్లు రావాలి. అదే బదులు.

"పోతం. అయితే?"

"నీ బిడ్డ మాకు సోమవారం కావాలె. మేం ఆరుగురం రెండు దినాలు నీ చేన్ల ఉంటం."

పెద్దమ్మ మా చేతులు చూసింది. "మీకు ఏరొస్తదా?"

"నిలబడుడొస్తది," అన్నాను.

నిలబడడం కాదు, వంగడం కావాలని పది నిమిషాల్లో తెలిసింది. ఎండిన కాయ మొనలు గోళ్ల సందుల్లో గుచ్చుకుంటాయి. కబడ్డీ పిల్లలు గాలిలా పోతున్నారు. నేను ఆకులు, పుల్లలు, పత్తి అన్నీ సమానంగా చూశాను. పెద్దమ్మ నా ఒడి గుమ్మరించి, "ఇది పత్తా, ఆకుకూరనా?" అని అడిగింది. ఆదివారం పొద్దుగూకే సరికి చేను అయిపోయింది. నా నడుం కూడా అయిపోయింది. సోమవారం పొద్దున బూటు లేసు పొడుగు పిల్లే కట్టింది.

మ్యాచ్‌కు మేం లోపలికి పోతుంటే అవతలి వాళ్లు, పోయిన యేటి జట్టే, "కబడ్డీ కబడ్డీ" అందుకున్నారు. పొడుగు పిల్ల వాళ్ల దగ్గర ఆగింది.

"ఆ, గదే. జర పైలం."

ఆ రోజు చేతులు ఒక్కరివీ లేవలేదు. వెనక లేని చున్నీని పట్టుకున్నట్టే ఆడారు. నేను ఎక్కువ సేపు బెంచీ మీదే ఉన్నాను. చివర్లో ఒకరి కాలు మెలికపడి మేడం నన్ను పంపింది. అప్పటికి మేం ఒక్క పాయింటు పైన ఉన్నాం. కొన్ని క్షణాలే మిగిలాయి. వాళ్లలో అందరికంటే బలమైన పిల్ల బంతితో నేరుగా నా మీదికి వచ్చింది. "జరుగక్కా" అని ఎవరో అరిచారు. నాకూ జరగాలనే ఉంది. ధైర్యంగా ఎదురు నిలిచానని తర్వాత కాలేజీలో ప్రచారం జరిగింది. నిజం చెప్పాలంటే నడుం పట్టేసింది, ఎటూ కదలలేకపోయాను. ఆమె నన్ను గుద్దుకుంటూనే బంతి వేసింది. నేను వెల్లకిలా పడ్డాను. బంతి రింగులోంచి కిందికి రావడం అక్కడి నుంచే చూశాను.

రెఫరీ పిడికిలితో అరచేతిని కొట్టాడు. కదలకుండా నిలబడిన మనిషిని గుద్దితే తప్పు గుద్దినవాళ్లది. బుట్ట చెల్లదు. మేం గెలిచాం.

మేడం ఉరికొచ్చి నా మీదికి వంగింది. కళ్లలో నీళ్లు. ఏదో గొప్ప మాట చెప్పబోతోంది.

"మేడం, జండూబామ్ లాంటిదేమన్న ఉందా?" అన్నాను.

తర్వాతి మ్యాచ్‌లో ఘోరంగా ఓడిపోయాం. ఆ సంగతి సార్‌కు మాకంటే ముందే తెలిసింది.

"ఒక్కటేనా మేడం గెల్చింది?"

"మీరడిగింది ఒక్కటే సార్."

ఆయన నన్ను చూశాడు. నేను ఒక చేయి నడుం మీద పెట్టుకొని, వీలైనంత నిటారుగా నిలబడ్డాను. "సరే, ఇప్పటికైతే ఆపుదాం," అన్నాడు. ఆ 'ఇప్పటికి' ఇంకా నడుస్తోంది. నా డిగ్రీ అయిపోయింది. గొట్టాలు కోర్టు పక్కనే తుప్పు పడుతున్నాయి. పిల్లలు వాటి మీద కూర్చొని లేసులు కట్టుకుంటారు. ఈ ఎండాకాలం కూడా నేను మేడంతో ఊళ్లకు పోయి గుమ్మాలు చూసి వచ్చాను. పొడుగు పిల్ల ఇప్పుడు కెప్టెన్. కొత్తగా వచ్చినవాళ్లకు మొదటి రోజే చెబుతుందట, ఇక్కడ అవుటైతే మళ్లీ లేవరని.

మొన్న పెద్దమ్మ హనుమకొండ దవాఖానకు వచ్చి, పనిలో పనిగా కోర్టుకు వచ్చింది. గొట్టాల మీద నా పక్కన కూర్చొని కూతురు ఆడేది కాసేపు చూసింది. బస్సులు అప్పుడే పోయాయి, మరకల మీద చల్లిన ఇసుక ఇంకా చెదరలేదు.

"మరి గెల్చిండ్రు గదా బిడ్డా. ఏమొచ్చింది?"

"ఏం రాలె పెద్దమ్మా. ఇది పోలె."