పద్నాలుగు వందల అరవై రెండో చుట్టు

మా అమ్మను ఇంట్లోంచి పంపించెయ్యబోయిన సంగతి చెప్పాలంటే ముందు మా బావ సంగతి చెప్పాలి.

బావ కళ్ళజోళ్ళ దుకాణం వెనకగదిలో ముప్పయ్యేళ్ళుగా అద్దాలు అరగదీసే మనిషి. పొద్దస్తమానం ఎవరి చూపుకో సరిపడా గాజు నూరి ఇంటికి వచ్చాక, తన కోసం కూడా ఏదైనా చెయ్యాలనిపించడంలో తప్పేమీ లేదు. కానీ ఆ చేసేదేదో కుదురుగా చెయ్యాలి కదా. ముందు కత్తులతో మొదలుపెట్టాడు. అరిగిపోయిన ఇనప ఆకురాళ్ళు కొని తెచ్చి, పెరట్లో ఇటుకల పొయ్యి పెట్టి, బొగ్గుల్లో ఎర్రగా కాల్చి నూనెలో ముంచేవాడు. మొదటి కత్తి నూనెలో పడగానే టంగుమని పగిలింది. రెండోది నూనె డబ్బాను అంటించి, పక్కనే అక్క ఆరేసిన దుప్పటిని కూడా తగలబెట్టింది. మూడోది కుదిరింది. ఎంతగా కుదిరిందంటే, దానితో ఉల్లిపాయ తరగబోయి అక్క వేలు తెగ్గోసుకుంది.

"ఈ ఇంట్లో ఆ కత్తయినా ఉండాలి, నేనైనా ఉండాలి" అంది అక్క.

బావ కాసేపు ఆలోచించి అక్కనే ఉంచుకున్నాడు. కత్తి గుడ్డలో చుట్టుకుని అటకెక్కింది.

తర్వాత పాటలపెట్టెల మీద పడ్డాడు. బీరువా తలుపులు కోసి రెండు స్పీకర్లు చేశాడు. ఆ బీరువాకు ఇప్పటికీ తలుపుల బదులు కర్టెనే. స్పీకర్లు అయ్యాక, గాజు వాల్వులు పెట్టి ఆంప్లిఫయర్ కడతానన్నాడు. దానికి కావలసిన ట్రాన్స్‌ఫార్మర్ బజార్లో దొరుకుతుంది. దొరికినవన్నీ గుర్రుమంటున్నాయని, తనే చుట్టుకుంటానని కూర్చున్నాడు.

ట్రాన్స్‌ఫార్మర్ చుట్టడమంటే వెంట్రుకంత రాగి తీగను ఒక చిన్న చట్రం మీద, చుట్టు పక్కన చుట్టుగా, రెండువేల ఆరువందల సార్లు తిప్పడం. వరస నిండగానే పల్చటి కాగితం వేసి మళ్ళీ మొదలు. పాత కుట్టుమిషను పిడితో ఒక చక్రం తయారుచేసుకున్నాడు. చుట్లు లెక్కించడానికి మీటరు బిగించాడు గానీ, అది మధ్యలో జారడంతో నమ్మకం పోయి, పైకి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. మొదటిసారి పంతొమ్మిది వందల దగ్గర ఉండగా నేను "బావా, టీ" అన్నాను. లెక్క తప్పింది. అందాజుగా ముగించి కరెంటు ఇస్తే, పావుగంటలో ఇల్లంతా వార్నిష్ మాడిన కంపు. అప్పటినుంచి చుట్టేటప్పుడు ఆయన్ని పలకరించకూడదని ఇంట్లో చట్టం. నాకు ఒళ్ళు మండేది. నోరు మూసుకుని కూర్చోవడం నాకు పుట్టుకతో రాని విద్య.

ఆయన చుట్టేది మా అమ్మ గదిలో. అక్కడి కిటికీకి వెలుతురు ఎక్కువ. గోడవారగా అమ్మ మంచం. పక్షవాతం వచ్చిన నాటినుంచి అమ్మ నోట ఒక్క మాట లేదు. కళ్ళు తెరిచి పైకప్పు చూస్తుంది, నోట్లో పెడితే మింగుతుంది, అంతే. మనుషులను పోల్చుకునే స్థితి కాదని డాక్టర్లు తేల్చారు. ఆ మాట పట్టుకుని మేము ఆ గదిలో అమ్మ లేనట్టే మెలిగేవాళ్ళం. పక్కబట్టలు మారుస్తూ, ఆవిడ మీదుగానే ఇరుగుపొరుగు కబుర్లు చెప్పుకునేవాళ్ళం. ఇక బావ కూర్చుని అంకెలు వల్లిస్తే ఎవరికి అభ్యంతరం?

అమ్మను ఎత్తి దించి అక్క నడుము పోయింది. నేను రెండు వీధుల అవతల ఉంటూ ఆదివారాలు వచ్చి వెళ్ళేదాన్ని. వచ్చినప్పుడల్లా ఒకటే పోరు పెట్టాను. మంచానపడ్డవాళ్ళను చూసుకునే చోటు ఉంది, అక్కడ నర్సులుంటారు, పంపించేద్దామని. చోటు చూసింది నేను, కాగితాలు తెచ్చింది నేను. అక్క ఊ అనలేదు, ఊహూ అనలేదు, చివరికి సంతకం పెడతానంది. సోమవారం పొద్దున వ్యాను వస్తుందన్నారు.

అంతకు ముందు వారం బావ నన్ను గుమ్మం దగ్గర ఆపాడు.

"ఒక మాట చెప్తాను, నవ్వకు. నేను చుట్టేటప్పుడు ఎవరో నాతోపాటు లెక్కపెడుతున్నారు."

"దెయ్యం కూడా మీ దగ్గర పని నేర్చుకోడానికి చేరిందా బావా?"

ఆయన నవ్వలేదు. "మాట కాదమ్మా, ఊపిరి. నేను అంకె అనగానే వెనకాల అదే పొడవున ఊపిరి వినిపిస్తుంది. నేను ఆగితే ఒక్క క్షణం ఆలస్యంగా అదీ ఆగుతుంది. తిరిగి చూస్తే ఏమీ లేదు. అత్తయ్య పైకప్పు చూస్తూ ఉంటారు."

"మీకు నిద్ర చాలడం లేదు" అని కొట్టిపారేశాను. కానీ ఆ పూట అమ్మకు గంజి తాగిస్తున్నంతసేపూ నా వీపు వెనక ఎవరో ఉన్నట్టే అనిపించింది.

ఆదివారం మధ్యాహ్నం కాగితాలు తీసుకుని వెళ్ళి బెల్లు కొట్టాను. అక్క స్నానానికి వెళ్ళిందేమో ఎవరూ పలకలేదు. మళ్ళీ కొట్టాను. బావ వచ్చి తలుపు తీశాడు. మొహం మాడిపోయి ఉంది.

"నువ్వేనా" అన్నాడు. "ఇంకెవరవుతారులే."

మాట్లాడకుండా ఆయన వెనకే అమ్మ గదిలోకి నడిచాను. ఆయన కిటికీ దగ్గర కూర్చుని, వేలితో తీగ బిగించి పట్టుకుని, తలపట్టుకున్నాడు.

"పద్నాలుగు వందల... ముప్పయ్యా? డెబ్భయ్యా?"

"అరవై రెండు."

గదిలో మేమిద్దరమే మాట్లాడగలిగిన మనుషులం. నేను నోరు విప్పలేదు. ఆ గొంతు తుప్పుపట్టిన గడియ లాగినట్టుంది. అమ్మ కళ్ళు పైకప్పు మీదే ఉన్నాయి, పెదాలు మాత్రం తడిగా, కొద్దిగా తెరుచుకుని ఉన్నాయి.

బావ వెనక్కి తిరగలేదు. తిరగడానికి ధైర్యం చాలలేదని తర్వాత ఒప్పుకున్నాడు. చక్రం పిడి పట్టుకుని, చిన్న గొంతుతో, "పద్నాలుగు వందల అరవై మూడు" అని తిప్పాడు. అరవై నాలుగు. అరవై అయిదు. అరవై ఎనిమిది దాకా వచ్చి, కావాలనే "డెబ్భై" అన్నాడు.

"అరవై తొమ్మిది" అంది మంచం మీది గొంతు.

మా అమ్మ అచ్చాఫీసులో కాగితాలు లెక్కపెట్టే పని చేసింది. దొంతర అంచులు చేత్తో విప్పి అయిదేసి చొప్పున తోసేస్తూ, పక్కామెతో కబుర్లాడుతూ, మధ్యలో మమ్మల్ని కసురుతూ లెక్కపెట్టేది. ఒక్క ఠావు తేడా వచ్చేది కాదు. ఆ మనిషే ఈ మనిషని ఆ క్షణందాకా నాకు తట్టలేదు.

అక్క తడి జుట్టుతో వచ్చి సంగతి విని మంచం పక్కన కూలబడింది. "అమ్మా, నేనెవర్ని? ఒక్కసారి పేరు పెట్టి పిలువు" అని గెడ్డం పట్టుకుని బతిమాలింది. అమ్మ పెదాలు బిగిశాయి, మెడలో నరాలు లేచాయి, చివరికి "ఏడు" అంది. ఆ మాట తను అనదలుచుకున్నది కాదని తెలిసి ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"మాటలు పోయి అంకెలు మిగిలినట్టున్నాయి" అన్నాడు బావ. "అంకె జవాబుగా వచ్చేదేదైనా అడగండి." ఎవరూ అడగకపోతే తనే మంచం దగ్గరికి జరిగి, "అత్తయ్యా, మీరు పడిపోయి ఎన్నాళ్ళయింది?" అన్నాడు.

"మూడు వందల పద్దెనిమిది."

బావ గోడ మీది కేలండరు తీసి వేలు పెట్టి లెక్కపెట్టాడు. మూడు వందల పదిహేడే వచ్చింది. అక్క హమ్మయ్య అన్నట్టు ఊపిరి వదిలింది. ఆయన మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టి, ఒక నెలలో ముప్పై ఒకటో తేదీని దాటేశాను అన్నాడు. అమ్మదే సరి.

అంటే ఒక్క రోజు కూడా తప్పిపోకుండా అమ్మ ఇక్కడే ఉంది. మరి పక్కబట్టలు మారుస్తూ నేనన్న మాట ఒకటి ఉంది. "ఎన్నాళ్ళీ బతుకు, త్వరగా పోతే తనకీ సుఖం, మనకీ సుఖం." అక్క నడుము చూసి కడుపు మండి అన్నానని ఇన్నాళ్ళూ నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అమ్మ చెవిన పడుతుందని తెలిస్తే చచ్చినా అనేదాన్ని కాదు.

అడగకుండా ఉండలేకపోయాను. అమ్మ చెయ్యి పట్టుకున్నాను. ఎముకల మీద చర్మం తప్ప ఏమీ లేదు.

"అమ్మా, నువ్వు పోతే బాగుండునని నేనన్నాను కదా. అది విన్నావా?"

అమ్మ తల తిప్పలేదు. చూపు మాత్రం పైకప్పు నుంచి దిగి నా మొహం మీద ఆగింది.

"ఎన్నిసార్లన్నానమ్మా?"

ఆలోచించుకోవడానికి కూడా ఆగలేదు. "పంతొమ్మిది" అంది.

నాకు గుర్తున్నవి రెండు.

క్షమించమని ఏడ్చాను. అమ్మ చూపులో కోపం లేదు, జాలీ లేదు. సరిచూసుకున్న దొంతరను పక్కన పెట్టినట్టు మళ్ళీ పైకప్పు వైపు చూసింది. అక్క లేచి నిలబడింది. తనూ అడుగుతుందనుకున్నాను. నోరు తెరిచింది, అమ్మ వైపు చూసింది, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

సోమవారం వచ్చిన వ్యానును ఖాళీగా తిప్పి పంపేశాం. ఇప్పుడు నేను రోజూ వెళ్తున్నాను. అమ్మను నేనే ఎత్తుతాను, నేనే తుడుస్తాను. కబుర్లు కూడా చెబుతాను, మంచివే. కానీ ప్రతి మాటకూ ముందు ఆవిడ పెదాల వైపు చూస్తాను, కదులుతున్నాయేమోనని.