వంకర లెన్సు

మా బాబాయి కళ్ళకు లోకంలో ఒకసారికి ఒక్కటే కనపడాలి. మిగతాదంతా పొగమంచులో కలిసిపోయినా ఆయనకు దిగుల్లేదు. ఫొటో స్టూడియో నడిపే మనిషికి ఇంతకన్నా ప్రమాదకరమైన జబ్బు ఉండదు.

దీనికంతటికీ మూలం ఒక లెన్సు. చూడ్డానికి వాషింగ్ మెషీన్ వెనకాల ఉండే గొట్టం ముక్కలా ఉంటుంది. కెమెరాకు తగిలించి వేళ్ళతో అటూ ఇటూ వంచాలి. ఎటు వంచితే అటు చొక్కా గుండీ అంత మేర స్పష్టంగా పడుతుంది, చుట్టూ అంతా మసకే. ఆరేళ్ళ కిందట ఫ్రిజ్ కొనుక్కొస్తానని వెళ్ళి దీన్ని పట్టుకొచ్చాడు. మా పిన్ని గుమ్మంలోనే దానికి నామకరణం చేసేసింది: వంకర లెన్సు. 'దండగ' అన్నది ఇంటిపేరు.

ఆ స్టూడియోలో నా ఉద్యోగం ఏమిటంటే, బాబాయి తీసిన ప్రతి ఫొటోనూ మామూలు లెన్సుతో మళ్ళీ తీయడం. మధ్యమధ్యలో క్షమాపణలు చెప్పడం.

ఒకాయన పొద్దున నేను రాకముందే పాస్‌పోర్టు ఫొటో పట్టుకెళ్ళి మధ్యాహ్నానికల్లా తిరిగొచ్చాడు.

"ఆఫీసులో అడుగుతున్నారండీ, ఈ చెవి ఎవరిదని."

బాబాయి ఫొటో అందుకుని పరీక్షగా చూశాడు. "మీదేనండీ, అనుమానం ఎందుకు? పుట్టుమచ్చ ఎంత బాగా పడిందో చూడండి!"

ఓ పెళ్ళిలో అయితే పెళ్ళికొడుకు చేతిగడియారం ఒక్కటే తళతళలాడింది. పది ఇరవై. "పెళ్ళి ఎన్నింటికైందో తెలుస్తోంది, ఎవరికైందో తెలీడం లేదు!" అని పెళ్ళికూతురి తండ్రి లబోదిబోమన్నాడు. నేనూ పక్కన నిలబడి తీశాను కాబట్టి బతికి బయటపడ్డాం. పళ్ళ డాక్టరు తన బోర్డు కోసం ఇంతలావు నవ్వుతో నిలబడితే, ఆయన బూటు లేసు పడింది. ముడి కూడా లెక్కపెట్టుకోవచ్చు.

"ఏం బాబాయ్ ఇది?" అంటే, "చేయి జారిందిరా," అనేవాడు. ఆరేళ్ళుగా జారుతూనే ఉంది.

మా పిన్ని లెక్కల టీచరు. ఆరేళ్ళ కిందట ఏదో జబ్బు చేసి ఆవిడ మొహం ఓ పక్కకు లాగేసింది. జబ్బు తగ్గింది గానీ నోరు మాత్రం కాస్త వంకరగా ఉండిపోయింది. ఆనాటి నుంచి ఫొటో దిగలేదు. ఫొటోగ్రాఫరు పెళ్ళాం అయ్యుండి, కెమెరా కనిపిస్తే చాలు, వంటింట్లో ఏదో మాడిపోతున్నట్టు పరిగెత్తేది. నవ్వొచ్చినా చెంగు అడ్డం పెట్టుకునేది.

ఈ ఏడాది ఆవిడ రిటైరయింది. వాళ్ళ బడిలో, రిటైరైన టీచర్లందరి ఫొటోలూ మెట్ల పక్క గోడకు వరసగా తగిలించి ఉంటాయి. పిన్ని కోసం మేకు కూడా కొట్టేశారు. శుక్రవారం లోపల ఫొటో కావాలని హెడ్‌మిస్ట్రెస్ ఫోన్ మీద ఫోను.

"ఆ మేకుకు ఏ క్యాలెండరో తగిలించుకోమను," అంది పిన్ని.

అంది గానీ, గురువారం నేను భోజనానికి వెళ్ళేసరికి అన్నం ముందు పెట్టుకుని ఊరికే కూర్చునుంది. "ముప్ఫై ఏళ్ళు చెప్పాన్రా ఆ బళ్ళో. ఉత్త మేకు మిగిలిపోతుందేమో," అంది మెల్లిగా. బతిమాలాను, కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను.

"సరే. ఒకే ఒక్కసారి నొక్కాలి. రెండోది అన్నారో, లేచి వెళ్ళిపోతా."

నేను ఎగిరి గంతేసి స్టూడియోకు పరిగెత్తాను. సంగతి చెప్పానో లేదో, బాబాయి కెమెరాకు గొట్టం బిగించడం మొదలుపెట్టాడు.

"బాబాయ్, నీకు దణ్ణం పెడతా! ఈ ఒక్కరోజు దాన్ని పక్కన పెట్టు!"

ఆయన సొరుగు లాగాడు. లోపల ఆరేళ్ళ చెడిపోయిన ఫొటోలు. చెవి ఫొటో తిరగేశాను. వెనకాల బాబాయి రాత: 'కంటికి గురి. చెవి పడింది.' గడియారం వెనకాల: 'కంటికి గురి. గడియారం.' బూటు లేసు వెనకాల కూడా కంటికి గురే!

"మీ పిన్ని కళ్ళొక్కటే స్పష్టంగా పడి, కిందంతా మసకైపోతే దిగుతుందేమోనని కొన్నాన్రా," అన్నాడు. "ఆవిడ ఒక్కసారే కూర్చుంటుంది. అప్పుడు తప్పకూడదు కదా. అందుకని ఊళ్ళోవాళ్ళ మీద నేర్చుకుంటున్నా."

ఆరేళ్ళుగా ఈయన్ని వెనకాల ఎన్ని మాటలన్నానో గుర్తొచ్చి సిగ్గేసింది.

"ఇప్పటికి ఎన్నిసార్లు కుదిరింది?"

"ఒకసారి." సొరుగు మూస్తూ అన్నాడు, "అదీ పిల్లి."

పిన్ని వచ్చి కుర్చీలో బిర్రబిగుసుకుని కూర్చుంది. బాబాయి గొట్టం అటు వంచాడు, ఇటు వంచాడు, చెమటలు కక్కుతూ మళ్ళీ అటు వంచాడు.

"ఏవండీ, దాని మూతీ నా మూతీ ఒకేలా ఉన్నాయి. అక్కాచెల్లెళ్ళం అనుకుంటారు," అంది పిన్ని. అని, తన మాటకు తనే పకపకా నవ్వేసింది. చెంగు అడ్డం పెట్టుకోవడం మర్చిపోయింది.

క్లిక్.

కెమెరా తెర మీద చూశాం. కళ్ళు మసక. జుట్టు మసక. నట్టనడుమ వంకర నవ్వొక్కటీ, పన్ను పన్నూ తెలిసేలా, దివ్యంగా పడింది.

"తప్పింది," అన్నాడు బాబాయి. మొహంలో నెత్తుటి చుక్క లేదు.

పిన్ని కెమెరా లాక్కుని చాలాసేపు చూసింది.

"నేను ఇంకా ఇలా నవ్వుతున్నానా?" అంది. "బాగానే ఉందే! మీరిద్దరూ ఆరేళ్ళుగా ఒక్కముక్క చెప్పలేదేం?"

"నువ్వు చూడనిస్తేగా!" అన్నాడు బాబాయి.

శుక్రవారం ఫొటో మేకెక్కింది. ఆ గోడ మీద ఇరవైమంది టీచర్లు హోంవర్క్ అడుగుతున్నట్టు చూస్తుంటారు. మా పిన్ని ఒక్కతే పకపకా నవ్వుతుంటుంది. మెట్లెక్కే పిల్లలు ఆ ఫొటో దగ్గర ఆగి నవ్వి మరీ పోతున్నారట.

మొన్నొక కుర్ర ఫొటోగ్రాఫరు స్టూడియోకు వచ్చి ఆ లెన్సును తిప్పితిప్పి చూశాడు. "ఏమండీ, ఇది కొనొచ్చంటారా? దండగేమో?"

బాబాయి నోరు తెరిచేలోగా పిన్ని అందుకుంది.

"నిక్షేపంగా కొనుక్కో నాయనా. కానీ ఒక్కటి, గురి మాత్రం నేర్చుకోకు."