చందమామ అవతలి పక్క, మా మచ్చెద్దు

నా చిన్నప్పుడు మనుషులు చంద్రుడి చుట్టూ తిరిగొచ్చారన్న వార్త చండ్రుగొండ దాటి మా అడవి అంచు ఊరికి చేరేసరికి వరికోతలు అయిపోయి కల్లాలు సాగుతున్నాయి. వార్త తెచ్చింది పక్కింటి అక్క. కొత్తగూడెంలో చదువుకుంటూ సెలవులకు వచ్చింది. ఆమె కనబడితే చాలు, ప్రశ్నలతో ప్రాణం తోడేసేదాన్ని. వాళ్లు చంద్రుడి మీద పడిపోరా? పడుతూనే ఉంటారట, కానీ పక్కకు అంత జోరుగా పోతుంటారు కాబట్టి నేలను తాకరట. చంద్రుడి వెనక్కి పోతే వాళ్ల మాట ఎందుకు వినబడదు? నడుమ చంద్రుడే అడ్డం కదా అంది. మరి ఆ వెనక పక్క మనకెందుకు ఎప్పుడూ కనబడదు? దీనికి మాత్రం నన్ను మా కల్లానికి లాక్కుపోయింది.

అడగడమైతే అడిగాను గానీ ఆ రోజు నా మనసు మనసులో లేదు. మా మచ్చెద్దును మర్నాడు సంతకు తోలేస్తానని తాతయ్య అన్నాడు. అడవిలో మేస్తుండగా ముల్లు గుచ్చుకుని దానికి కుడి కన్ను పోయింది. గింజ రాలడానికి వరిమీద ఎడ్లను వరసగా కట్టి గుంజ చుట్టూ తిప్పేవాళ్లు. దాన్ని బంతి అంటాం. ఆ బంతిలో మచ్చెద్దును బయటి చివరన కట్టేవాళ్లు. పక్క ఎద్దు తగిలినప్పుడల్లా ఉలిక్కిపడి తాడు తెంపుకునేది. సంతలో గుడ్డెద్దును కొనేవాళ్లు దున్నడానికి కొనరని నాకు తెలుసు. పొద్దుటి నుంచి అన్నం సహించలేదు.

ఎడ్లను కాసేపు పక్కన ఆపినప్పుడు అక్క నన్ను కల్లం నడుమ గుంజ దగ్గర నిలబెట్టింది. "నువ్వే భూమివి. ఉన్నకాడనే తిరుక్కుంట నన్ను సూడు" అని, ఎడ్లు తిరిగే దిక్కునే నా చుట్టూ ఒక చుట్టు నడిచింది.

"నా ఎడమ చెయ్యి కనబడ్డదా?"

"లే. కుడి చెయ్యే."

"చంద్రుడు గూడ గంతే. తను తిరుక్కుంటనే మన చుట్టు తిరుగుతడు. ఎప్పుడూ ఒకటే పక్క మన దిక్కు."

వింటూనే ఎడ్లవైపు చూశాను. మా వైపు బంతిని గుడికి ప్రదక్షిణ చేసినట్టే తిప్పుతారు. కుడి పక్క ఎప్పుడూ గుంజవైపే. గుంజను ఆనుకుని నడిచే ఎద్దుకు కుడివైపున ఇంకో ఎద్దు ఉండదు. పరుగున పోయి తాతయ్య పంచె పట్టుకున్నాను.

"తాతయ్యా, మచ్చెద్దును గుంజ కాడ కట్టు. గుడ్డికన్ను దిక్కు ఏదీ తగలదు."

"ఏందే గిది? గుంజ కాడ పెద్దెద్దు ఉండాలె. మా నాయిన నాటి నుంచి గట్లనే" అని కసిరాడు. మా తాతయ్యకు కోపం ముక్కు మీదే ఉండేది. నేను ఏడుపు లంకించుకున్నాను. అక్క మెల్లగా, "ఒక్క బంతి సూడరాదు తాతా" అంది. విసుక్కుంటూనే తాడు మార్చాడు.

మచ్చెద్దు మొదట తల ఎగరేసింది, తర్వాత సర్దుకుంది. వెలుగున్నంతసేపూ మళ్లీ బెదరలేదు. పొద్దుగూకాక దానికి కుడితి పెడుతూ, తాతయ్య నా వైపు చూడకుండానే, "సంతకు పోయేది లేదు తియ్యి" అన్నాడు. నాకెంత సంతోషమైందంటే, మళ్లీ ఏడ్చాను.

ఇప్పుడు మన దేశమే చంద్రుడి మీద నౌకను దింపింది. మా మనవడు చేతిలో ఫోన్ పెట్టుకుని కూడా ఆ పాత ప్రశ్నలన్నీ నన్నే అడుగుతాడు. మోకాళ్లు మొరాయించినా, వాణ్ని నిలబెట్టి చుట్టూ నడుస్తాను. అక్క నేర్పింది చంద్రుడి సంగతే. నేను దాచుకున్నది ఇంకొకటి. ఫలానావాడు ఎందుకూ పనికిరాడని ఎవరైనా తీర్పు చెబితే, ముందు వాణ్ని ఎక్కడ కట్టారో చూస్తాను.