ఇనుము లేని గంప

మిరుగం కార్తె వచ్చిన మరునాడు, బుధవారం, పొద్దున తొమ్మిదిన్నరకు బడి పెద్దసారు మా వాకిట్లో సైకిల్ దిగారు. నా మనుమరాలు ఏడో తరగతిలో కూర్చుంటుందా, చిన్నపిల్లల మధ్య ఐదులో కూర్చుంటుందా అన్నది ఆ పూటే తేలాలి.

పిల్ల ఐదు చదువుతుండగా ఎడ్లబండి మీది నుంచి పడి తొడ ఎముక విరిగింది. కట్టు కట్టినా సరిగ్గా అతకలేదు. మళ్లీ విరిచి కట్టారు. మాది ఇచ్చోడకు అవతల, చేన్ల నడుమ ఇల్లు. బడికి పోవాలంటే వాగు దాటాలి. రెండేళ్లు పిల్ల ఇంట్లోనే ఉండిపోయింది, తోటివాళ్లు ముందుకు పోయారు. "చిన్న పొరగాండ్ల నడుమ గూసోను. గంతకంటె బడికే పోను" అని తెగేసి చెప్పింది. అది అన్నదంటే అన్నట్టే.

పెద్దసారు చలికాలంలోనే ఒక మాట చెప్పి పోయారు. తెలుగు, లెక్కలు ఇంట్లో ఎవరైనా చెప్తారు, తనకు సైన్సు కావాలన్నారు. ఏదో ఒక్క సంగతి పట్టుకుని మొదటి నుంచి చివరిదాకా నేర్పితే, బడి తెరిచే ముందు వచ్చి దాన్నే అడిగి ఏ తరగతో తేలుస్తానన్నారు.

ఏ సంగతి? పిల్లకు చదువు చెప్పేది దాని తల్లి, మా కోడలు, పదో తరగతి చదివిన మనిషి. పుస్తకం ముందేసుకుని అయస్కాంతం అంది, గుండె అంది, గ్రహాలు అంది. అన్నిటికీ నేను వద్దన్నాను. నాకు అక్షరాలు వచ్చింది నలభై దాటాక, ఈ కోడలి దగ్గరే. పలక మీద వరసగా రాయిస్తే ఒక్కటీ నిలవలేదు. యూరియా బస్తా ముందర పెట్టుకుని దాని మీదున్నదంతా చదవడం మొదలుపెట్టాక నిలిచాయి. బస్తా నేను మోసిన వస్తువు. గ్రహాలను నేను మోయలేదు, పిల్లా మోయలేదు.

"పత్తిచెట్టు చెప్దామా అత్తమ్మా?" అంది కోడలు.

"పత్తి పలిగేదాక సారు ఆగుతడా?"

"పోనీ, వాగు నీళ్లు?"

"పిల్ల వాగుకాడికి ఎట్ల పోతది? నువ్వెత్తుకపోతవా?"

మంచం కింద పొదుగుకొచ్చిన కోడి గుర్రుమంది. పిల్ల కిందికి వంగి చూసింది. "బాపమ్మా, గీ కోడి సంగతి పెడ్దాం. నేను మంచం మీద, అది మంచం కింద. ఇద్దరం ఏడికి పోం."

అదే ఖాయమైంది. కోడిని అప్పుడే పొదగేయలేదు. ముందు గుడ్డు గురించే నెలలు గడిచాయి. గుడ్డు తూచడం లెక్క అయింది, చూసింది రాయడం తెలుగు అయింది. ఎండాకాలం పొదగేశాక, చీకటి గదిలో తలుపు సందు ఎండకు గుడ్డు పట్టి లోపలి ఎర్రటి నరాలు చూశారు. వేడికి గంప కింద తడి ఇసుక ఎందుకు పోస్తామో నేను చెప్పాను. కోడి గుడ్లను ముక్కుతో ఎందుకు తిప్పుతుందో నాకు తెలియదు, కోడలు వెతికి చెప్పింది.

గంపలో ఊక పోసి, గుడ్ల కింద ఇనుప మేకు, బొగ్గుముక్క పెట్టడం మా ఇంటి పద్ధతి. ఉరుముకు గుడ్లు మురగొద్దని.

"ఇనుము ఉరుమును ఏం జేస్తది బాపమ్మా?" అని పిల్ల పొదగేసే రోజే అడిగింది.

"నాకేం తెల్సు? మా అత్త పెట్టింది, నేను పెట్టిన."

మా అత్త పళ్లన్నీ ఊడినా మాట ఊడని మనిషి. గోడకానుకుని, "లేకుంటె మురుగుతయ్. గంతే" అంది.

"జర చూద్దాం తియ్యి" అని పిల్ల రెండో కోడిని తెప్పించింది. రెండు గంపలు. ఒకదాంట్లో ఇనుము ఉంది, ఇంకోదాంట్లో లేదు. మిగతావన్నీ సమానం.

రోహిణి కార్తెలో ఉరుములకు ఇల్లు అదిరింది. పిల్ల గంపల వైపే చూస్తూ కూర్చుంది. కొన్నాళ్లకు రెండు గంపల్లోనూ పిల్లలు లేచాయి. "ఇనుముతోని పనే లేదు!" అని కేకేసింది. సారుకు చెప్పేది అదేనని అందరం అనుకున్నాం.

సారు వచ్చే పొద్దున, గంపలు శుభ్రంగా కనపడాలని దులిపాను. ఇనుము లేని గంపలోంచి ఊకతోపాటు విరిగిన కొడవలి ముక్క రాలింది.

ముగ్గురం మా అత్త వైపు చూశాం.

"గట్ల జూస్తరేందే? నేనే పెట్టిన. గుడ్లు మురిగితె పిల్ల బడి పోతది గద. దాని సదువును ఉరుముపాలు జేస్తనా?"

పిల్లకు ఏడుపొచ్చింది. "మొత్తం ఖరాబ్ జేసినవ్ ముసలవ్వా!"

"కోడిపిల్లలు లేసినయ్ గద! ఇంకేం ఖరాబయిందే?"

కోడలు నన్ను పక్కకు పిలిచింది. "సారుకు చెప్పకుంటె ఏమైతది అత్తమ్మా? రెండు గంపలల్ల లేసినయ్ అంటె సాలు."

"గంపలు దానియి. ఏం చెప్తదో దాని ఇష్టం. నువ్వు చాయ్ పెట్టుపో" అన్నాను. అన్నాను కానీ నాకూ లోపల భయంగానే ఉంది.

సారు అరుగు మీద కూర్చున్నారు. పిల్ల కర్ర ఊతగా నిలబడింది. గుడ్డులో గాలి ఏ కొసన ఉంటుందో, పెంకు మూసి ఉన్నా లోపలి పిల్లకు ఊపిరి ఎట్లా అందుతుందో అడిగితే తడుముకోకుండా చెప్పింది. సారు వాకిట్లో చూసి, "రెండు గంపలెందుకే?" అన్నారు.

కోడలు నా చెయ్యి పట్టుకుంది. పిల్ల కొడవలి ముక్క తెచ్చి సారు చేతిలో పెట్టి, జరిగిందంతా చెప్పింది.

"అయితె ఇనుముతోని పనున్నదా, లేదా?"

"తెల్వది సార్. రెండిట్ల ఇనుమే ఉండె. మళ్ల పొదగెయ్యాలె. గీసారి గంపలకాడ నేనే పండుకుంట."

సారు ముక్కను అటూ ఇటూ తిప్పి చూశారు. "సోమారం నుంచి తోలుండ్రి. ఏడుల గూసుంటది."

"వాగు నిండితె?" అన్నాను.

"నిండినప్పుడు ఇంట్లనే సదువుతది. ఇన్నొద్దులు సదివింది గద."

మా అత్త చెయ్యి చాపింది. "సార్, గా ముక్క ఇటియ్యి. ఇంకో కోడి పొదుగుకొచ్చింది."

"ఇయ్యకుండ్రి సార్!" అని పిల్ల అరిచింది.

నా కొడుకు అప్పుడు చేను దగ్గరున్నాడు. సాయంత్రం చెబితే, సోమవారానికని బండి ఇరుసుకు కందెన పెట్టాడు. ఆ పొద్దున అక్కడున్నది అరుగు మీద పెద్దసారు, కర్ర పట్టుకుని మా మనుమరాలు, చాయ్ గిలాసలతో కోడలు, గోడకానుకుని మా అత్త, గడపలో నేను, వాకిట్లో రెండు కోళ్లు, వాటి పిల్లలు.